పాఠకుల ప్రశ్నలు – జవాబులు: షీటులో పొంగిన విమానం

ప్రశ్న: వాయుసేనలో పనిచేసి పదవీ విరమణ చేసిన మా మేనమామ తన పాత ట్రంకుపెట్టెలో నుంచి హెచ్‌.ఎఫ్‌.-24 మారుత్‌ యుద్ధవిమానం నమూనా కిట్‌ తీసి నాకిచ్చారు. మామూలు కిట్లలో ఉన్నట్టు విడి భాగాలు ఇందులో లేవు. తెల్లని ప్లాస్టిక్‌ షీట్ల మీద విమానం మొండెం రెండు సగాలుగానూ, రెక్కలు పైభాగం, కిందిభాగం వేరువేరుగానూ ఉబ్బెత్తుగా పొంగి ఉన్నాయి. స్కేలు 1/72 అని రాసి ఉంది. వీటిని షీటు నుంచి ఎలా వేరు చేయాలి? మళ్ళీ దొరికే వస్తువు కాదు కనుక బ్లేడు పెట్టడానికి భయంగా ఉంది. – ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీకు దొరికింది వాక్యూమ్‌ ఫార్మింగ్‌ పద్ధతిలో తయారైన కిట్‌. పాలీస్టైరీన్‌ షీటును మెత్తబడేదాకా వేడి చేసి, అచ్చు మీద పరచి, అడుగు నుంచి గాలిని లాగివేస్తే, షీటు అచ్చును అంటిపెట్టుకుని ఆ ఆకారంలోనే చల్లబడి గట్టిపడుతుంది. మామూలు కిట్లకు వాడే, కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఒత్తిడితో ఎక్కించే ఇంజెక్షన్‌ పద్ధతికి కావలసిన ఉక్కు అచ్చులు చాలా ఖరీదైనవి. కొద్దిమంది మాత్రమే కొనే విమానాలకు ఆ ఖర్చు గిట్టదు కాబట్టి, చిన్న తయారీదారులు ఈ దారి పట్టారు. ఈ పద్ధతి మీకు ఆకారాన్ని ఇస్తుంది, అంచును మాత్రం మీరే తయారు చేసుకోవాలి. పని భారమంతా ఆ అంచు మీదనే ఉంటుంది కనుక, దాని గురించే విపులంగా రాస్తున్నాను.

ముందుగా సన్నని మొన గల మార్కర్‌ పెన్నుతో, పొంగిన భాగం చదునైన షీటును కలిసే మూల వెంబడి చుట్టూ గీత గీయండి. ఆ గీతకు వెలుపలి పక్కగా కొత్త బ్లేడుతో తేలికగా రెండు మూడుసార్లు గాటు పెట్టండి. ఒక్కసారే షీటును ఛేదించాలని ఒత్తి కోస్తే, బ్లేడు జారి భాగం మీదికే ఎక్కుతుంది. గాటు పడిన తరువాత బయటి షీటును నెమ్మదిగా వెనక్కి, ముందుకు వంచితే అది గాటు వెంట తనంతట తానే విరిగిపోతుంది. ఇప్పుడు భాగం చుట్టూ రంగు గీతతో కూడిన సన్నని పట్టీ మిగులుతుంది. షీటు మందమంతా ఆ పట్టీలోనే ఉంది. దాన్ని పూర్తిగా తీసివేయాలి, అంతకుమించి ఒక్క వెంట్రుక మందం కూడా తీయకూడదు.

ఈ జాగ్రత్త ఎందుకంటే, షీటు మందం 1 మి.మీ. అనుకుంటే, రెండు సగాలకూ అది అలాగే మిగిలిపోయినప్పుడు మొండెం 2 మి.మీ. లావెక్కుతుంది. 1/72 స్కేలులో అది అసలు విమానానికి 14 సెం.మీ.కు పైగా అదనపు వెడల్పుతో సమానం. మారుత్‌ విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జర్మన్‌ ఇంజనీరు కుర్ట్‌ టాంక్‌ నాయకత్వంలో బెంగళూరులోని హిందుస్థాన్‌ ఎయిర్‌క్రాఫ్ట్‌లో రూపుదిద్దుకుని, 1961 జూన్‌ 17న తొలిసారి ఎగిరిన ఈ విమానానికి, ధ్వనివేగానికి దగ్గరలో గాలి నిరోధం తగ్గేందుకు రెక్కల దగ్గర నడుము సన్నగా నొక్కినట్టు చేశారు. ఆ నడుమే దాని అందం. అంచు తక్కువ రుద్దితే నడుము పూడిపోతుంది, ఎక్కువ రుద్దితే మొండెం కోలగా మారుతుంది.

రుద్దడానికి మందపాటి అద్దం పలక మీద 220 నంబరు వాటర్‌ పేపరును (తడిపి రుద్దే గరుకు కాగితాన్ని) రెండువైపులా అంటుకునే టేపుతో పరచి, నీళ్ళు చల్లి పని చేయండి. తడిగా రుద్దితే ప్లాస్టిక్‌ పొడి గాలిలోకి లేవదు. అయినా ముక్కుకు మాస్కు ఉండవలసిందే. భాగాన్ని పట్టుకోవడానికి వీపు మీద మాస్కింగ్‌ టేపుతో చిన్న పిడి చేసుకోండి. మన చేతి ఒత్తిడి ఎప్పుడూ ఒక పక్కకే మొగ్గుతుంది కనుక, కొద్దిసేపటికొకసారి విమానం ముక్కు తోక ఉన్న వైపుకు వచ్చేటట్టు భాగాన్ని తిప్పి పట్టుకుని రుద్దాలి. క్రమంగా ఆ రంగు పట్టీ ఉల్లిపొరలా పలుచబడి, కొన్నిచోట్ల ముడుచుకుని, వేలు తగిలితే ఊడి వస్తుంది. ఎక్కడ ఊడిందో అక్కడ మీరు సరైన అంచుకు చేరుకున్నట్టే. ఇంకా రంగు కనిపించేచోట మాత్రమే ఒత్తిడి పెట్టి, చివరి దశలో 400 నంబరు కాగితానికి మారండి.

రెక్కలకు మరొక మెట్టు ఉంది. పైభాగం, కిందిభాగం కలిపినప్పుడు వెనుక అంచు కత్తి వాదరలా ఉండాలంటే, ఆ రెండింటినీ వెనుక అంచు వెంబడి లోపలివైపు నుంచి పలుచన చేయాలి. మధ్యమధ్య దీపానికి ఎదురుగా పట్టి చూడండి. వెనుక ఉన్న వేలి నీడ ప్లాస్టిక్‌ గుండా మసకగా కనిపించే దశలో ఆపివేయడం మంచిది. మారుత్‌ రెక్కల విస్తృతి 9 మీటర్లు, విమానం పొడవు 15.87 మీటర్లు. మీ నమూనాలో అవి వరుసగా 125 మి.మీ., సుమారు 220 మి.మీ. రావాలి. అతికించే ముందు టేపుతో కూర్చి ఈ రెండు కొలతలూ సరిచూసుకోండి. మొండెం పక్కలనున్న గాలి ద్వారాలు సాధారణంగా మూసినట్టే అచ్చు పడతాయి. వాటికి చిన్న రంధ్రం చేసి, గుండ్రని ఆకురాయితో లోపలినుంచి విస్తరించుకోవాలి.

అతికించడానికి మునుపు, మిగిలిన షీటు నుంచి వేలిగోరంత ముక్కలు కోసి, ఒక సగం లోపలి అంచుకు సగం బయటికి వచ్చేటట్టు వరుసగా అంటించండి. ఎదుటి సగం వాటి మీదికి వచ్చి కూర్చుంటుంది, అతుకు లోపలికి కుంగదు. మొండెం లోపల రెండు మూడు చోట్ల అడ్డుపలకలు కూడా అవసరం. నమూనాల కోసం దొరికే పలుచని ద్రవ సిమెంటునే సన్నని కుంచెతో వాడండి. నీటి పైపులు అతికించే సొల్యూషన్‌ మాత్రం వద్దు, అది ఇంత పలుచని షీటును కరిగించి ముడతలు పెడుతుంది. విమానం ముందు చక్రం మీద నిలబడాలి కనుక, మొండెం మూసేముందే ముక్కులో బరువు పెట్టాలి. మీ తీరంలో వలలకు కట్టే సీసం ముక్కలు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. సీసం ముట్టుకున్నాక చేతులు శుభ్రంగా కడుక్కోండి.

ఇంకా ధైర్యం చాలకపోతే, చక్రాల తలుపు వంటి ఒక చిన్న భాగంతో మొదలుపెట్టండి. అది చెడినా మిగిలిన షీటులో నుంచి మరొకటి కోసుకోవచ్చు.

ప్రశ్న: అద్దం బదులు మా ఊరి పలకరాయి మీద వాటర్‌ పేపరు పరచి రుద్దవచ్చునా? – మార్కాపురం నుంచి ఒక విద్యార్థి

జవాబు: మీ దగ్గరున్న రాయి ఎటువంటిదో దాన్నిబట్టి ఉంటుంది. పలకరాయి పొరలుగా చీలుతుంది, చీలిన ముఖం కంటికి చదునుగా అనిపించినా సన్నని ఎత్తుపల్లాలు ఉంటాయి. యంత్రం మీద నునుపు చేసిన రాయైతే బాగా పనికొస్తుంది, పైగా బరువు వల్ల కదలకుండా నిలుస్తుంది. స్టీలు స్కేలును దాని మీద నిలువుగా పెట్టి, వెనుక టార్చి వేసి చూడండి. పొడవునా, అడ్డంగా, మూలమూలకూ ఎక్కడా స్కేలు కింద నుంచి వెలుగు రాకపోతే నిశ్చింతగా వాడుకోవచ్చు.

ప్రశ్న: పాత కిట్‌లోని పారదర్శకమైన కాక్‌పిట్‌ మూత పసుపురంగుకు తిరిగి, ఒకచోట చీలింది. మరొకటి చేసుకునే మార్గముందా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: తప్పక ఉంది, ఫలితం చాలాసార్లు అసలుదానికంటే మెరుగ్గా కూడా వస్తుంది. మూత ఆకారంలో చెక్క దిమ్మ ఒకటి కావాలి. అది ప్లాస్టిక్‌ మందమంత మేర చిన్నదిగానూ, అడుగున ఒక సెంటీమీటరు అదనపు ఎత్తుతోనూ ఉండాలి. నార కనిపించని మెత్తని నునుపు దీనికి ముఖ్యం. చెక్క చెంచాలు చెక్కే ఉదయగిరి పనివారికి బొమ్మ గీసి, కొలతలు ఇస్తే, వారి చేతిలో ఇది చిన్న పని. ఖాళీ నీళ్ళ సీసాలో గీతలు, మడతలు లేని భాగాన్ని గొట్టంగా కోసి, దిమ్మను అందులో ఉంచి, సెల్‌ఫోన్‌ మరమ్మతు దుకాణాల్లో వాడే వేడిగాలి గన్‌తో చుట్టూ సమంగా కాచండి. సీసా ప్లాస్టిక్‌ వేడికి ముడుచుకుని దిమ్మను బిగువుగా పట్టేస్తుంది. ఒకేచోట గాలి నిలిపితే తెల్లగా పాలిపోతుంది కనుక, గన్‌ కదుపుతూనే ఉండాలి.

కత్తిరించేటప్పుడు మూత లోపల పిల్లలు ఆడుకునే క్లే నింపితే అది నలగదు, చిట్లదు. కోయవలసిన గీత వెంట మాస్కింగ్‌ టేపు అంటించి, తేలిక గాట్లతోనే ముందుకు వెళ్ళండి. అతికించడానికి ఫెవికాల్‌ వంటి తెల్ల జిగురు వాడాలి. ఫెవిక్విక్‌ ఆవిరి గాలిలోని తేమతో కలిసి మూత లోపల తెల్లని మసక పట్టిస్తుంది, మూసిన తరువాత దాన్ని తుడవడం అసాధ్యం.

ప్రశ్న: వాక్యూమ్‌ ఫార్మ్‌ నమూనాకు రంగు వేయడానికి మన ప్రాంతంలో ఏ కాలం అనుకూలం? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టిన రోజుల్లో థిన్నర్‌తో పలుచన చేసి వాడే లాకర్‌ రంగుల జోలికి వెళ్ళవద్దు. తేమ ఎక్కువైతే ఆరేటప్పుడు వాటి మీద తెల్లని పొర కడుతుంది. వానలు వెనకబడిన జనవరి, ఫిబ్రవరి నెలల్లో, ఎండ బాగా ఎక్కిన తరువాత పని మొదలుపెట్టండి. ఎంత తొందరగా ఆరాలనిపించినా రంగు వేసిన నమూనాను డాబా మీద గానీ, అద్దాలు మూసిన కారులో గానీ ఎండలో ఉంచకండి. అంత పలుచగా రుద్దిన రెక్కల వెనుక అంచులు వేడికి వంకరపోతే మళ్ళీ సరిచేయడం చాలా కష్టం.