జిప్ చేసుకోవడానికి డబ్బు కట్టాలా?

ప్రశ్న: కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర మాకు చిన్న డీటీపీ సెంటరు ఉంది, ఫొటో ఎడిటింగ్ కూడా చేస్తాం. పెళ్లి ఆల్బమ్‌లు, శుభలేఖలు, కరపత్రాల ఫైళ్లను జిప్ చేసి ప్రెస్సుకు పంపడం, పాత హార్డ్ డిస్కుల్లో దాచడం మా అలవాటు. విన్‌రార్ తెరిచినప్పుడల్లా కొనమని అడుగుతోంది. కొంటే ఫైళ్లు ఇంకా చిన్నవవుతాయా? ఉచితంగా దొరికే సెవెన్-జిప్ చాలదా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఫైళ్లు ఇంకా చిన్నవి కావాలన్నదే మీ ఉద్దేశమైతే ఒక్క రూపాయి కూడా పెట్టనవసరం లేదు. మీ డిస్కుల్లో ఎక్కువ చోటు తినేవి జేపీజీ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు అయి ఉంటాయి. వాటిని కెమెరా ముందే కుదించి ఇస్తుంది కాబట్టి, తర్వాత ఈ రెండింటిలో దేనితో జిప్ చేసినా సైజు దాదాపు అంతే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే ఒకే పెళ్లి ఫోల్డరును రెండింటితోనూ జిప్ చేసి, ప్రాపర్టీస్‌లో సైజులు పోల్చి చూడండి. ఇలాంటి ఫోల్డర్లకు కంప్రెషన్ లెవెల్ దగ్గర ‘స్టోర్’ అని పెట్టుకుంటే, కుదించే ప్రయత్నం మాని ఉన్నవాటిని ఒకే ఫైలుగా చేస్తుంది, మీకు సమయం కలిసివస్తుంది. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, బీఎంపీలు, కుదించకుండా సేవ్ చేసిన టిఫ్‌లు మాత్రం బాగా తగ్గుతాయి. ఇగోర్ పావ్లోవ్ 1999లో విడుదల చేసిన సెవెన్-జిప్ ఈ పనిలో డబ్బు తీసుకునేవాటికి ఏమాత్రం తీసిపోదు, పైగా వ్యాపారానికి వాడుకున్నా రుసుము లేదు.

విన్‌రార్‌కు డబ్బు కట్టడానికి నాకు కనిపించే గట్టి కారణం ‘రికవరీ రికార్డ్’ ఒక్కటే. రార్ ఫార్మాట్‌లో ఆర్కైవ్ (ఫైళ్లను కలిపి కుదించిన ఫైలు) తయారు చేసేటప్పుడు ‘యాడ్ రికవరీ రికార్డ్’ అన్న గడిలో టిక్ పెడితే, అసలు సమాచారంతో పాటు దాన్ని బాగుచేసుకోవడానికి పనికివచ్చే అదనపు సమాచారాన్ని కూడా అదే ఫైలులో చేరుస్తుంది. సైజు కొద్ది శాతం పెరుగుతుంది. కొన్నేళ్ల తర్వాత డిస్కులో అక్కడక్కడ సెక్టార్లు చెడిపోయి ‘సీఆర్‌సీ ఎర్రర్’ లాంటిది వస్తే, నష్టం ఆ అదనపు సమాచారంతో సరిచేయగలిగినంతలో ఉన్నంతవరకు ‘రిపేర్’ ఆదేశంతో ఫైలును తిరిగి రాబట్టుకోవచ్చు. సెవెన్-జిప్‌లో ఈ ఏర్పాటు లేదు. అంతేకాక, ఎక్కువ కుదించడం కోసం తన ‘7z’ ఫార్మాట్‌లో అది చాలా ఫైళ్లను ఒకే వరుసగా కలిపేస్తుంది కాబట్టి, మధ్యలో ఒకచోట చెడితే దాని తర్వాతి ఫైళ్లు కూడా పోయే ప్రమాదం ఉంది. పాత డిస్కుల మీద ఆధారపడే మీలాంటివారికి ఇది పట్టించుకోవలసిన తేడా. అయితే డిస్కు మొత్తంగా పోతే రికవరీ రికార్డు చేసేదేమీ లేదు. ఉన్నది ఒకే డిస్కయితే ఆ డబ్బుతో ముందు రెండో డిస్కు కొని, ప్రతి ఆల్బమ్‌కూ రెండో కాపీ పెట్టుకోండి, లైసెన్సు సంగతి తర్వాత చూడవచ్చు.

ఉచితంగా వాడి చూడటానికి ఇచ్చే 40 రోజుల గడువు దాటినా విన్‌రార్ పనిచేస్తూనే ఉంటుంది కానీ, నిబంధనల ప్రకారం కొనాలి, లేదా తీసేయాలి. షాపులో రోజూ వాడుతూ, కొనమని అడిగే ఆ కిటికీని మూసుకుంటూ పోవడం సబబు కాదు. లైసెన్సు లేకుండా నడిచేలా మార్చిన క్రాక్ వెర్షన్ జోలికి అసలే వెళ్లకండి, ఆ దారిన వైరస్ చేరే ప్రమాదం ఉంది. విన్‌రార్‌ను కొన్నా సరే, అది తనంతట తాను అప్‌డేట్ కాదు. ఫైలు తెరవగానే హానికరమైన ప్రోగ్రాం నడిచే లోపం ఒకటి 2023లో బయటపడితే 6.23 వెర్షన్‌లో సరిచేశారు, 2025లో మరొక లోపాన్ని 7.13లో సరిచేశారు. మీ దగ్గరున్నది అంతకంటే పాతదైతే ఈరోజే మార్చండి.

ప్రెస్సుకు పంపేవాటికి మామూలు జిప్ చాలు, అవతలివారు ఏ సాఫ్ట్‌వేరూ వేసుకోకుండానే తెరుచుకుంటారు.

ప్రశ్న: అనంతపురంలో పన్ను లెక్కలు చూసే ఆఫీసు మాది. ఖాతాదారుల ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్లను పాస్‌వర్డ్ పెట్టి పంపడానికి సాఫ్ట్‌వేర్ కొనాలా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అవసరం లేదు. సెవెన్-జిప్‌లో ‘7z’ ఫార్మాట్ ఎంచుకుంటే ఏఈఎస్-256 అనే బలమైన ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా మార్చే పద్ధతి) రక్షణ ఉంటుంది. ‘ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్’ గడిలో కూడా టిక్ పెట్టండి, లేకపోతే పాస్‌వర్డ్ తెలియనివారికి కూడా లోపలి ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. ఫైలు పేరులోనే ఖాతాదారు పేరు, పాన్ నంబరు రాసే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది మరి. ‘జిప్’ ఫార్మాట్‌లో పేర్లు దాచే ఈ సౌకర్యం లేదు, అందులోని పాత ‘జిప్‌క్రిప్టో’ పద్ధతి కూడా బలహీనమైనదే. పాస్‌వర్డును అదే మెయిల్‌లో రాయకుండా ఫోన్ చేసి చెప్పండి.