అమ్మగారికి కీమో పోర్టు గురించి

చేతి నరాలు దొరకక పోర్టు పెట్టిద్దామని డాక్టరు అంటే, అమ్మగారు “గుండె మీద ఆపరేషనా” అని ఒప్పుకోవడం లేదన్నారు. గుండెను ముట్టుకోరండి. మెడ కింది ఎముకకు దిగువన, చర్మం లోపల రూపాయి బిళ్లంత చిన్న డబ్బాను అమర్చి, దాని సన్నని గొట్టాన్ని మెడ దగ్గరి పెద్ద సిరలోకి పంపుతారు. చాలామందికి ఆ చోట మత్తిచ్చి గంటలోపే ముగిస్తారు.

ఎటువైపు పెడతారో ముందే మాట్లాడండి. రొమ్ము క్యాన్సర్ అయితే సాధారణంగా జబ్బు లేని రెండో వైపే ఎంచుకుంటారు. జాకెట్టు అంచు, పైట పిన్ను ఎక్కడ ఒరుసుకుంటాయో సర్జన్‌కు చూపించండి. ఈ సంగతి వాళ్లకు తట్టకపోవచ్చు.

గాయం మానాక, మందు ఎక్కించే సూది పోర్టులో లేని రోజుల్లో స్నానానికి అడ్డేమీ లేదు. సూది ఉంటే ఆ చోటు తడవకూడదు. మన విశాఖ ఉక్కపోతకు ప్లాస్టరు ఊరికే లేస్తుంది. లేస్తే నర్సు చేతే మార్పించాలి.

కీమో లేనప్పుడు కూడా గొట్టం మూసుకుపోకుండా మందునీటితో కడగాలి. సాధారణంగా నాలుగు వారాలకోసారి, కొన్నిచోట్ల ఇంకాస్త ఆలస్యంగా. దీనికి పోర్టుల కోసమే చేసిన హ్యూబర్ సూదే వాడాలి. మామూలు సూది అయితే డబ్బా పైనున్న సిలికాన్ పొరను పాడుచేస్తుంది. అందుకే గాజువాకలో మీ వీధి క్లినిక్‌లో వద్దు. పోర్టు పెట్టినచోటే చేయించండి, లేదా అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో కుదురుతుందేమో కనుక్కోండి.

జ్వరం 100.4 దాటినా, కడిగాక చలితో వణికినా, మెడ లేదా చెయ్యి వాచినా తెల్లవారేదాకా ఆగకండి. పారాసిటమాల్ వేసి చూద్దామనుకోవద్దు. ఆ రాత్రే డాక్టరుకు ఫోను చేయండి.