చిన్న పడవ మీద వేట దండగేనా?

"పెద్ద మరబోట్లు ఒక్కసారికే టన్నులకొద్దీ చేప తెస్తుంటే, చిన్న పడవల వాళ్ళకు ప్రభుత్వం సాయం చేయడం దండగ కదా?" అని అడిగారు. కాదండీ. మాది తాడేపల్లి దగ్గర సీతానగరం. నాన్న ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో వల వేసేవాడు. బాబాయి నిజాంపట్నంలో మరబోటు మీద పనికి వెళ్ళేవాడు. రెండిళ్ళ లెక్కలూ వింటూ పెరిగాను.

తెచ్చిన చేపను తూకం వేస్తే బాబాయి వాళ్ళ బోటుదే పైచేయి. అయితే అమ్మిన డబ్బులోంచి ముందు డీజిల్, ఐసు, తిండి ఖర్చు తీసేసేవాళ్ళు. తర్వాత ఓనరు వాటా. మిగిలిందే బోటు మీద పనిచేసే కలాసీలు పంచుకోవాలి. డీజిల్ రేటు పెరిగితే కోత పడేది వాళ్ళకే. పైగా మరబోటు వెనక లాగే ట్రాల్ వల సముద్రం అడుగును ఊడ్చేస్తుంది. వేలెడంత చేపపిల్లలు కూడా అందులో పడతాయి. వాటిని చెత్త చేప కింద ఎండబెట్టి కోళ్ళ దాణాకు అమ్ముతారు. పెరిగి మంచి ధర పలకాల్సిన చేప అలా పోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నాన్నది తెడ్డు పడవ. వల కన్ను పెద్దది కాబట్టి చిన్న చేప జారిపోయేది. బొచ్చె పడినా, వాలుగ పడినా, జెల్లలు పడినా అన్నీ మనుషులు తినేవే. 1980లో డేవిడ్ థామ్సన్ అనే చేపల వేట నిపుణుడు వేసిన లెక్క ప్రకారం, టన్ను ఇంధనానికి పెద్ద ఓడలు 2 నుంచి 5 టన్నుల చేప పడితే, చిన్న పడవలు 10 నుంచి 20 టన్నులు పడతాయి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం కూడా మోటారు లేని సంప్రదాయ పడవలకు వర్తించదు.

మరి నాన్న చేతిలో డబ్బెందుకు నిలవలేదంటారా? వల కొనడానికి వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకునేవాడు. ఇక పడిన చేపంతా ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే ఇవ్వాలి. ఐసు లేదు కాబట్టి ఎండెక్కేలోపు బేరం తేలిపోవాలి. బేరమాడదామంటే కొల్లేరు చెరువుల్లో పెంచే చేప తక్కువ రేటు చూపించేవాళ్ళు. అడ్వాన్సు తీరిపోయి, అమ్మ గంప ఎత్తుకుని కృష్ణలంక వీధుల్లో అమ్మిన రోజుల్లో అదే చేపకు ఎంతో మంచి ధర వచ్చేది. ఏటి చేప రుచి తెలిసినవాళ్ళు పెద్దగా బేరమాడరు.

2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు మా వైపు పడవలు, వలలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మళ్ళీ అదే అడ్వాన్సు కోసం వెళ్ళాల్సి వచ్చింది. సాయం అంటూ చేస్తే అక్కడ చేయాలి: వలకు తక్కువ వడ్డీ అప్పు, రేవు దగ్గర ఐసు, ఆడవాళ్ళు నీడలో కూర్చుని అమ్ముకునే చోటు. పెద్ద ఇంజన్లకు సబ్సిడీ ఇవ్వడం కంటే ఇదే చవక.