పదో తరగతి లెక్కల్లో జవాబుకు బాక్సు కట్టకపోతే మార్కులు పోతాయా?

ట్యూషన్ మాస్టారు ప్రతి జవాబుకూ బాక్సు కట్టమంటున్నారు, బడిలో టీచరు కింద రెండు గీతలు చాలంటున్నారు, ఏది మానేస్తే మార్కు పోతుందోనని పదో తరగతి చదివే మీ అమ్మాయి బెంగపడుతోంది. ఇదీ మీరడిగింది. నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చాలా ఏళ్లు స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లాను కాబట్టి పేపరు దిద్దే వైపు నుంచి చెబుతాను.

బాక్సు లేదని నేనెప్పుడూ మార్కు తగ్గించలేదు. తగ్గించమని నాకెవరూ చెప్పనూ లేదు. మా చేతికిచ్చే స్కీములో మార్కులు సోపానాలకు ఉంటాయి. సూత్రానికి ఇంత, ప్రతిక్షేపణకు ఇంత, చివరి జవాబుకు ఇంత. గీతలకంటూ ఏమీ ఉండదు. అయినా మా పిల్లలందరికీ జవాబు విడిగా కనిపించేలా ఏదో ఒక గుర్తు పెట్టమనే చెప్పేదాన్ని.

ఎందుకంటే మాకు రోజుకు 40 పేపర్లు. భోజనం చేసి వచ్చాక మూడో గంటలో కళ్లు బరువెక్కుతుంటాయి. అప్పుడు పేజీ నిండా దువ్వని జుట్టులా వరుసలు కలిసిపోయిన పేపరు వస్తే జవాబు ఎక్కడుందో వెతుక్కోవాలి. వెతుకుతాం, అది మా పని. కానీ ఒకే లెక్కను రెండు సార్లు చేసి, రెండు వేర్వేరు జవాబులు తెచ్చి, దేనినీ కొట్టేయకుండా వదిలేసిన పిల్లలున్నారు చూడండి, వాళ్ల విషయంలో చిక్కు వస్తుంది. ఏది తన జవాబో ఆ పిల్లే చెప్పకపోతే నేనెలా తేల్చాలి? బాక్సు అసలు పనికొచ్చేది అక్కడ. తప్పనుకున్న దాని మీద అడ్డంగా ఒక్క గీత, ఒప్పనుకున్న దానికి బాక్సు. అంతే.

రెండు గీతల సంగతికొస్తే, అది లెక్కల టీచర్లకంటే పద్దులు రాసేవాళ్ల అలవాటు. మావారు బ్యాంకులో పనిచేశారు. మొత్తం వేసి కింద రెండు గీతలు గీస్తే ఆ ఖాతా ముగిసినట్టే అంటారు. ఇంట్లో పాల లెక్కకు కూడా అలాగే గీస్తారు. లెక్కల పేపర్లోనూ దాని అర్థం అదే కనుక ఏదైనా ఒకటే. పేపరంతా ఒకే పద్ధతి పాటిస్తే చాలు. స్కేలు, రంగు పెన్నులు మాత్రం వద్దు. ఎరుపు మేము దిద్దే రంగు. పైగా పెన్ను మార్చిన ప్రతిసారీ ఆలోచన తెగుతుంది.

అసలు గొడవ బాక్సు గీయడంలో లేదు, లోపల ఏం రాశారన్నదానిలో ఉంది. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదే. నేను పదిలో ఉన్నప్పుడు యూనిట్ పరీక్షలో ఒక లెక్క వచ్చింది. దీర్ఘచతురస్రాకారపు పెరడు, వెడల్పు కంటే పొడవు 4 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 96 చదరపు మీటర్లు, చుట్టుకొలత కనుక్కోండి. వర్గ సమీకరణం వేశాను, మూలాలు 8, –12 వచ్చాయి, రుణాత్మకం కుదరదని కొట్టేశాను. ‘ఎక్స్ = 8’ అని రాసి, చుట్టూ ముచ్చటైన బాక్సు కట్టి తరువాతి లెక్కకు వెళ్లిపోయాను. మా మాస్టారు ఆ బాక్సు పక్కనే రాశారు: ‘8 ఏమిటి? మీటర్లా, మేకపిల్లలా?’ నాలుగుకు రెండు మార్కులు. అడిగింది చుట్టుకొలత. 8, 12 కలిపి రెట్టింపు చేస్తే 40 మీటర్లు వచ్చేది. బాక్సు కట్టగానే లెక్క అయిపోయిందని చెయ్యి అనుకుంది, బుర్ర అడగలేదు.

తరువాత వాల్యుయేషన్‌లో ఆ ‘ఎక్స్’ బాక్సులు ఎన్ని చూశానో. వయసులు అడిగితే ఎక్స్, రైలు వేగం అడిగితే ఎక్స్. త్రికోణమితిలో ఇంకో రకం. స్తంభం 30 మీటర్ల దూరంలో ఉంది, ఊర్ధ్వకోణం 30 డిగ్రీలు, ఎత్తెంత? 10√3 మీటర్లని రాస్తే చాలు. ప్రశ్నలో √3 విలువ 1.732గా తీసుకోమంటేనే 17.32 మీటర్ల దాకా వెళ్లాలి. కొందరు రెండూ రాసి, బాక్సులో మాత్రం మీటర్లు లేని 17.32 పెడతారు. ఇక పక్కన చిత్తు లెక్కలో 84 తెచ్చి బాక్సులోకి 48గా ఎత్తి రాసినవాళ్లను చూస్తే జాలేసేది.

నిరూపించమన్న లెక్కలో బాక్సు అక్కరలేదు. చివరి వరుస ప్రశ్నలోనే ఇచ్చేశారు కదా! అక్కడ ఎడమవైపు, కుడివైపు సమానమని చూపి ‘ఎల్.హెచ్.ఎస్. = ఆర్.హెచ్.ఎస్., కావున నిరూపించబడినది’ అంటే సరిపోతుంది. యూక్లిడ్ కూడా గ్రీకులో ‘నిరూపించవలసినది ఇదే’ అనే ముగించేవాడు. లాటిన్‌లో దాని పొడి అక్షరాలే క్యూ.ఈ.డి. గత శతాబ్దంలో పాల్ హాల్మోస్ అనే గణితవేత్త, పత్రికల్లో వ్యాసం చివర వేసే చిన్న చతురస్రాన్ని తెచ్చి రుజువుల చివర పెట్టాడు. మధ్యలో ఇరుక్కుపోయి, రెండు వరుసలు దూకి, చివర ‘నిరూపించబడినది’ అని పెద్దక్షరాలతో రాసే పిల్లలకు ఒక రహస్యం చెప్పండి. అలాంటి ముగింపు కనబడితే మా కళ్లు వెంటనే పైవరుసలకే వెళ్తాయి.

∴ గుర్తు కూడా అంతే. యోహాన్ రాన్ అనే గణితవేత్త 1659లో అచ్చువేసిన బీజగణిత పుస్తకంలో కనిపించే పాత గుర్తు అది, పై వరుస నుంచి ఇది వచ్చిందని చెప్పడానికి. మనవాళ్లు ప్రతి వరుసకూ ముగ్గు చుక్కల్లా పెడతారు. చివరి వరుసకు ఒక్కటి పెట్టి, పక్కనే మాటల్లో రాస్తే నాకు అన్నిటికంటే నచ్చేది: ‘∴ పెరడు చుట్టుకొలత 40 మీటర్లు’. ఇలా రాసిన పిల్లకు బాక్సు లేకపోయినా ఇబ్బంది లేదు. ‘పెరడు చుట్టుకొలత’ అని రాయబోతే చేతిలో ఉన్నది 8 అని తనకే తెలిసిపోతుంది.

మా బడిలో ప్రీఫైనల్ పేపర్లు తిరిగి ఇచ్చాక ఒక పని చేయించేదాన్ని. మీరూ ఇంట్లో చేసి చూడండి. సాధనంతా తెల్లకాగితంతో మూసేసి, చివరి వరుస మాత్రం కనిపించనివ్వండి. పక్కనుంచి మీరు ప్రశ్న చదవండి, అమ్మాయి తన జవాబు చదవాలి. ‘చుట్టుకొలత ఎంత?’ అని మీరంటే ‘ఎక్స్ ఎనిమిది’ అని తన నోటితో తను అన్నప్పుడు మొదట నవ్వుతుంది, ఆ తరువాత పెన్ను అడుగుతుంది.