పజిల్ గేములు ఆడే పిల్లలు నిజంగా ఏమైనా నేర్చుకుంటారా?

తొమ్మిదేళ్ల బాబు పజిల్ వీడియో గేములు అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా, వాటి వల్ల ఉపయోగం ఉందా అన్నది మీ ప్రశ్న. ఇవ్వండి. ఏ గేమ్ ఇస్తున్నారు, వాడు ఆడుతున్నప్పుడు మీరేం చేస్తున్నారు అన్నదాన్ని బట్టే ఉపయోగం ఉంటుంది. నేను పాలకొల్లులో ఇంటి దగ్గర లెక్కల ట్యూషన్ చెబుతాను. మా అబ్బాయీ, ట్యూషన్ అయ్యాక కాసేపు ఉండిపోయే పిల్లలూ ఈ ఆటలు ఆడుతుంటే కొన్నేళ్లుగా దగ్గరుండి చూస్తున్నాను.

మొదట ఇచ్చింది సోకోబాన్. 1980ల మొదట్లో జపాన్‌లో పుట్టిన ఆట. గోడౌన్‌లో పెట్టెల్ని గుర్తులున్న గళ్లలోకి నెట్టాలి. నెట్టగలం గానీ లాగలేం. పెట్టె మూలకి పోయిందంటే ఇక బయటికి రాదు. కొత్తలో పిల్లలు కనబడ్డ పెట్టెనల్లా నెట్టేస్తారు. కొన్నాళ్లకి చెయ్యి తీసేసి, స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంటారు. "ఇది ముందు పెడితే దారి మూసుకుపోద్దిరా, దీన్ని ఆఖర్న పెట్టాలి" అని వాదించుకుంటారు. చివర ఏం కావాలో చూసుకుని అక్కణ్ణించి వెనక్కి ఆలోచించడం ఇదే. జ్యామెట్రీలో నిరూపణకి కావలసిందీ ఇదే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 'బాబా ఈజ్ యూ'. ఫిన్లండ్‌కి చెందిన ఆర్వి తెయికారి చేశారు, 2019లో వచ్చింది. ఇందులో ఆట రూల్స్ కూడా పదాల దిమ్మెలుగా స్క్రీన్ మీదే ఉంటాయి. 'వాల్ ఈజ్ స్టాప్' అనే మూడు పదాలు వరసగా ఉన్నంతసేపే గోడ అడ్డం. వాటిలో ఒకదాన్ని పక్కకి నెట్టేస్తే గోడలోంచి నడిచి వెళ్లిపోవచ్చు. ఐదో తరగతి చదివే ఒకమ్మాయి గోడ చుట్టూ తిరిగి తిరిగి, ఉన్నట్టుండి "టీచర్, గోడ ఆపుతుందని ఎవరన్నారు?" అంది. నాకు ఒళ్లు పులకరించింది. ఆ తర్వాత కాలం-పని లెక్కల్లో కూడా "ఇది లెక్కలో ఇచ్చారా, మనమే అనుకుంటున్నామా?" అని అడగడం మొదలుపెట్టింది. ఇచ్చింది వేరు, మనం అనుకున్నది వేరు అని తెలిసిన పిల్లకి సగం లెక్క వచ్చినట్టే.

ఈ రెండు ఆటల్లోనూ అన్‌డూ, అంటే చేసిన అడుగుని వెనక్కి తీసుకునే వీలు, ఉంటుంది. తప్పు రాస్తే టీచర్ కొట్టేస్తారన్న టెన్షన్‌తో నోట్సు ఖాళీగా వదిలేసే పిల్లలకి అది ఎంత మేలు చేస్తుందో చెప్పలేను. వేసి చూస్తారు, కుదరకపోతే వెనక్కొస్తారు.

మార్కులు పెరుగుతాయని మాత్రం నేను చెప్పను. ఆటలో నేర్చింది తనంతట తాను పుస్తకంలోకి రాదు, ఎవరో ఒకరు కలపాలి. మా మామగారు అలా కలిపేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాంతోపాటు వచ్చిన కాలువలు సాగుకే కాదు, పడవలకి కూడా. అందుకే మధ్యమధ్య లాకులు, అంటే నీటి మట్టం మారే చోట పడవని ఎక్కించడానికీ దించడానికీ రెండు వైపులా తలుపులతో కట్టిన గదులు. పిల్లల్ని లాకుల దగ్గరికి తీసుకెళ్లి, "పడవ పై కాలువలోకి పోవాలి. రెండు తలుపులున్నాయి. ఏది ఎప్పుడు తియ్యాలి?" అని అడిగేవారు. పడవ లోపలికొచ్చాక వెనక తలుపు మూయాలి, లోపలికి నీళ్లు వదలాలి, మట్టం పై కాలువతో సమానమయ్యాకే ముందు తలుపు తియ్యాలి. మావాడు అక్కడే కాయితం మీద గళ్లు గీసుకుని, సోకోబాన్ లెవెల్ లాగా ఒక్కో అడుగూ చెప్పాడు.

అన్ని పజిల్ గేములూ ఒకటి కాదు. 'లైఫులు అయిపోయాయి, డబ్బు కట్టండి' అనేవీ, మధ్యలో యాడ్స్ వేసేవీ, టైమర్ పెట్టి తొందరపెట్టేవీ వద్దు. ఆలోచించడానికి ఆగనివ్వని ఆటలో నేర్చుకోవడానికి ఏముంటుంది? యూట్యూబ్‌లో జవాబు చూసి ఆడటం కూడా అంతే దండగ. వాడు చిక్కుకుని "చెప్పెయ్ అమ్మా" అన్నప్పుడు చెప్పకండి. "ఇప్పటిదాకా ఏమేం చేసి చూశావు?" అని అడగండి. చాలాసార్లు చెబుతూ చెబుతూనే దారి కనుక్కుంటారు. విసుగొస్తే ఆపించి, మర్నాడు ఇవ్వండి.

మీ బాబు వయసుకి సోకోబాన్‌తో మొదలుపెట్టండి. బాబాలో పదాలు ఇంగ్లీషులో ఉంటాయి, కాబట్టి 'పుష్', 'విన్' లాంటివి ముందే చెప్పి ఉంచండి. ముందుకెళ్లేకొద్దీ పెద్దవాళ్లకే కొరుకుడుపడని లెవెల్స్ వస్తాయి, అప్పుడు ఇద్దరూ కలిసి కూర్చోండి.