విశాఖ నుంచి పులికాట్: ఎక్కడెక్కడ ఆగాలి?

పిల్లలతో నాలుగు రోజుల్లో బీచ్‌లూ పక్షులూ రెండూ చూడాలన్నారు కదండీ. మీ ప్లాన్‌లో ఏడు స్టాపులున్నాయి, ఇక కారులోంచి దిగేదెప్పుడు? మూడు చాలు.

మొదటి రాత్రి కాకినాడ. పొద్దున్నే కోరింగ మడ అడవికి వెళ్లండి. ఆటు వేళ, నీళ్లు వెనక్కి తీసినప్పుడు, చెక్క వంతెన మీంచి వంగి చూస్తే, బురదలో గెంతే చేపలు కనిపిస్తాయి. మా వాడు గంటసేపు కదల్లేదు!

రెండో రాత్రి బాపట్ల, సూర్యలంక బీచ్. లోతుకి మాత్రం పోనివ్వకండి.

మూడో రాత్రి సూళ్లూరుపేట. నాలుగోరోజు ఉదయం నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు), తర్వాత శ్రీహరికోట రోడ్డు పక్కన పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు. మే నెల వద్దు, డిసెంబరు, జనవరి అయితే మేలు. బైనాక్యులర్స్ మరిచిపోకండి.