ఎగరలేని మూడు వారాలు

ప్రశ్న: అలాస్కా ఉత్తర తీరంలో చమురు పనులు ఎక్కువగా చలికాలంలో, పక్షులు లేనప్పుడే జరుగుతాయని చదివాను. అలాంటప్పుడు అక్కడి చిత్తడి నేలలకు నష్టమేమిటి? మన పులికాట్‌కు వచ్చే పక్షులకు ఆ చోటుతో సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట

జవాబు: మీరు చదివినది కొంతవరకు నిజమే. నేల గడ్డకట్టి ఉన్న నెలల్లో మంచుతో బాటలు వేసి యంత్రాలను తరలిస్తారు, ఎండలు రాగానే ఆ బాటలు కరిగిపోతాయి. అయితే వాటికి కావలసిన నీటిని తోడేది చుట్టుపక్కల సరస్సుల నుంచే. అడుగుదాకా గడ్డకట్టని కొన్ని లోతైన సరస్సుల్లోనే చేపలు చలికాలం గడుపుతాయి. పైగా చమురు దొరికాక వేసే కంకర రోడ్లు, గొట్టపు మార్గాలు, విమానాల దిగుడు బాటలు వేసవిలోనూ అక్కడే ఉంటాయి. వసంతంలో కరిగిన మంచు నీరు పల్చగా నేలంతా పరుచుకొని పారే చోట కంకర కట్ట అడ్డుపడితే, ఒక పక్క నీరు నిలిచి, కింద ఏడాదంతా గడ్డకట్టి ఉండే గడ్డనేల కరిగి కుంగుతుంది, రెండో పక్క తడి ఆరిపోతుంది. అందుకే కట్టడాలు ఎన్ని ఎకరాల్లో ఉన్నాయన్న లెక్క ఒక్కటే చూసి నష్టం స్వల్పమని తేల్చడం సరికాదని నా అభిప్రాయం.

టెషెక్‌పుక్ సరస్సు సంగతి చూడండి. అమెరికా ప్రభుత్వం చమురు కోసం కేటాయించిన సుమారు 2 కోట్ల 30 లక్షల ఎకరాల జాతీయ పెట్రోలియం రిజర్వులో ఉన్న ఈ సరస్సు చుట్టుపక్కలకు ఏటా వేసవిలో బ్రాంట్ అనే నల్లని పెద్ద బాతులు వేల సంఖ్యలో చేరతాయి. కాకి, పావురం రెక్క ఈకలను ఒక్కొక్కటిగా మార్చుకొంటాయి గనుక వాటి ఎగురుడు ఆగదు. ఈ బాతులు మాత్రం అన్నింటినీ ఒక్కసారే రాల్చి, సుమారు మూడు వారాలు నేలకే పరిమితమవుతాయి. ఒడ్డున పొట్టి గడ్డి మేస్తూ, నక్క కనబడినా, హెలికాప్టర్ చప్పుడు వినబడినా మేత వదిలి నీళ్లలోకి పరుగెత్తుతాయి. కొత్త ఈక పెరగవలసిన రోజుల్లోనే ఆ మేత పోతుంది. లేత గడ్డీ, పక్కనే విశాలమైన నీరూ, మనుషుల అలికిడి లేకపోవడమూ కలిసివచ్చే చోటు వాటికి సులువుగా దొరకదు.

1976 నాటి అమెరికా చట్టం టెషెక్‌పుక్‌ను పేరుపెట్టి ప్రస్తావించి, అక్కడ అన్వేషణ జరిపినా వన్యప్రాణులకు గరిష్ఠ రక్షణ ఉండాలని చెప్పింది. అయినా 2020లో సరస్సు ప్రాంతాన్ని చమురు లీజులకు తెరిచే ప్రణాళికను ఆమోదించారు, 2022లో దాన్ని వెనక్కి తీసుకొన్నారు, ఆ తర్వాత ప్రభుత్వం మారగానే మళ్లీ తెరిచే ప్రయత్నం మొదలైంది. దగ్గరి నుయిక్సుట్ గ్రామంలోని ఇనుపియట్ అనే ఆదివాసీ ప్రజలు కారిబూ దుప్పుల వేటపై ఆధారపడతారు. చమురు ఆదాయం ఆ ప్రాంతపు బడులకూ ఆసుపత్రులకూ అందుతోంది కాబట్టి వారిలోనూ రెండు మాటలున్నాయి, ఆ ఇబ్బందిని మనం తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక పులికాట్ సంగతి. బ్రాంట్ బాతులు మన వైపు రావు. పసిఫిక్ తీరం వెంట దక్షిణాన మెక్సికో దాకా వెళతాయి. చలికాలంలో మీ ఊరి దగ్గర బురదలో ముక్కు గుచ్చుతూ తిరిగే చిన్న ఉల్లంకి పిట్టల్లో కొన్ని సైబీరియా టండ్రాలో గుడ్లు పెట్టి వచ్చినవి. అక్కడా కింద గడ్డనేలే, పైన లోతు తక్కువైన నీటి మడుగులే, పక్కనే చమురు, సహజవాయువు క్షేత్రాలే.